లోపలి పొర

నెలకోసారి, ఆదివారం పొద్దున, వెనక గదిలో స్టూలు వేసి, కిటికీ రెక్కలు మూసి, భార్య అతని తలకు రంగు వేసేది. ఊళ్లో సగం మంది చేసే పనే అది. ఆ ఇంట్లో మాత్రం దొంగసొత్తు దాచినంత జాగ్రత్తగా చేసేవారు. రంగు కలిపే గిన్నె వేరు, బ్రష్షు వేరు, భుజాల మీద కప్పుకునే పాత దుప్పటి ముక్క వేరు. అవన్నీ అటక మీద, జిప్పు పాడైన సూట్‌కేసులో ఉండేవి. ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లాలిద్దరే. అయినా పని కాగానే అన్నీ కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఆ సూట్‌కేసులోకి చేరితేగాని అతనికి ఊపిరి ఆడేది కాదు.

"పోయినవారమే కదండీ వేశాం? అప్పుడే మళ్లీ ఏంటి?" అంది భార్య, బ్రష్షుతో పాపిట తీస్తూ.

"హాస్పిటల్‌కి వెళ్లాలి కదా. డాక్టర్లు చూస్తారు."

"వాళ్లు మీ ఎముకలు చూస్తారు గానీ జుట్టు చూస్తారా?"

"ముసలోడిలా కనిపిస్తే వద్దంటారే. వార్డు అటెండరు చెప్పాడు. దాత కాస్త నీరసంగా కనిపించినా పక్కన పెట్టేస్తారట."

"నలభై నిండని మనిషిని ముసలోడని ఎవరంటారు?"

"ఈ రంగు తీసేస్తే నువ్వే అంటావు."

ఆమె నవ్వింది. "మీ వంశంలో మీసం కంటే ముందు తెలుపు మొలుస్తుంది" అంది. ఆ మాట అతను పెళ్లయిన దగ్గర్నుంచి వింటున్నదే. మామూలుగా అయితే తనూ నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. అద్దం తీసుకుని చెవుల వెనక కూడా చూసుకున్నాడు.

వీధిలో అతన్ని టైర్ల అన్న అంటారు. అరిగిపోయిన టైర్లకు కొత్త రబ్బరు తొడిగే షాపు అతనిది. రోజంతా బరువైన టైర్లు ఎత్తి దించే మనిషి. భుజాలు బండలా ఉంటాయి. జ్వరం వచ్చి పడుకున్న రోజు లేదని చెప్పుకునేవాడు, అడిగినా అడక్కపోయినా. తమ్ముడు అందుకు పూర్తిగా తేడా. ఎనిమిదేళ్లు చిన్న, బక్కపలచని మనిషి. నాలుగు టైర్లు దొర్లిస్తే అయిదోదానికి గోడకానుకుని కూర్చునేవాడు. "చిన్నోడికి కూర్చోవడమే పని" అని షాపులో జోకు. ఆ జోకు మొదలుపెట్టింది అన్నే.

ఇప్పుడా చిన్నోడు హాస్పిటల్లో ఉన్నాడు. ఎముకల్లో రక్తం తయారుచేసే మూలుగ ఎండిపోతోందన్నారు. బయటి రక్తం ఎక్కించి నెట్టుకొస్తున్నారు. సొంత అన్నదమ్ముల మూలుగ సరిపోతే అది ఎక్కించడమే దారి అన్నారు. పరీక్ష చేస్తే, తాళానికి దాని చెవే దొరికినట్టు అన్నది అచ్చంగా సరిపోయింది. ఆ కబురు విన్నప్పుడు అన్న హాస్పిటల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. సంతోషమే, కానీ సంతోషం ఒక్కటే కాదు. తను కొట్టిన ఒక దెబ్బకు మందు తన ఒంట్లోనే ఉందని తెలిసిన ఏడుపు అది.

ఆ దెబ్బ చేత్తో కొట్టింది కాదు. షాపులో టైరు లోపల చూడటానికి పొడుగు వైరున్న లైటు ఒకటి ఉంటుంది. మొన్నటి ఎండాకాలంలో, టైర్లు ఉడికించే ఛాంబర్ వెనక నమిలే పొగాకు పొట్లం ఒకటి దొరికింది. రబ్బరు అతికించే సొల్యూషన్ చేతులకంటే చోట అలాంటివి నోట్లో వేసుకోవద్దని అతను ముందునుంచీ మొత్తుకునేవాడు. ఎవరిదిరా అంటే ఎవరూ పలకలేదు. తమ్ముడు ఏదో తింటూ నోటి మంటకి మొహం చిట్లించడం అతని కంట పడింది. పిలిచి, పనివాళ్లందరి ముందూ నోరు తెరవమన్నాడు. ఆ లైటు నోటి దగ్గర పెట్టాడు. నాలుక మీదా బుగ్గల లోపలా తెల్లటి మచ్చలు. "చూడండిరా, లోపలంతా ఎలా తగలేసుకున్నాడో" అన్నాడు. తమ్ముడు నోరు తెరిచే ఉంచాడు, మూసుకోమనే దాకా. తర్వాత "నేను నమల్లేదన్నయ్యా" అన్నాడు, ఆ రోజు మూడుసార్లో నాలుగుసార్లో. మర్నాటి నుంచి షాపుకు రావద్దన్నాడు అన్న.

మూలుగ ఇచ్చేస్తే అది చెల్లిపోతుంది. నెత్తి మీద రంగు ఆరేదాకా స్టూలు మీద కదలకుండా కూర్చుని అతను అనుకున్నది ఇదొక్కటే.

*

వార్డులో తమ్ముడి మంచం కిటికీ పక్కన. వదిన పాలల్లో రొట్టె ముంచి, మెత్తబడ్డాక చెంచాతో పెడుతోంది. వేడిదీ పుల్లదీ గట్టిదీ ఏదీ అతని నోటికి పడదు. పొట్టిగా కత్తిరించిన తల తెల్లగా ఉంది.

"వదినా, ఇంక చాలు. గొంతు దాకా వచ్చింది."

"రెండు చెంచాలకే గొంతు దాకా వస్తే నీ గొంతు మోకాళ్ల దగ్గరుందన్నమాట. తెరువు."

పెద్ద డాక్టరమ్మ అప్పుడే వచ్చింది. ఇన్నాళ్లూ సెలవులో ఉండి ఆ రోజే పనిలో చేరింది. కళ్లద్దాలు దారానికి కట్టి మెడలో వేసుకుంది. చిన్న డాక్టర్లు చదివి వినిపించిందంతా విని, తల ఊపి, కాగితాలు పక్కన పెట్టి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. నాడి చూస్తుందనుకున్నాడు అన్న. ఆమె వేళ్లు తిప్పి, కిటికీ వెలుతురులో పెట్టి గోళ్లు చూసింది. గోళ్లు పలచగా, నిలువుగా గీతలు పడి, చివర్లు చీలిపోయి ఉన్నాయి.

"ఇవి ఎప్పట్నుంచి ఇలా?"

"మా షాపులో సొల్యూషన్ వాడతామండి, దాని వల్ల" అన్నాడు అన్న.

చిన్న టార్చి తీసి నోట్లో చూసింది. తెరవమని చెప్పి, నొప్పి పుడితే చెయ్యి ఎత్తమంది. నిదానంగా, బుగ్గలు ఒక్కొక్కటే పక్కకి జరిపి చూసింది. టార్చి వెలగగానే అన్న చూపు నేల మీదికి దిగిపోయింది.

"ఈ మచ్చలు?"

"పొగాకండి. మానేశాడు ఇప్పుడు" అన్నాడు నేల చూస్తూనే.

తమ్ముడు తెరిచిన నోరు మూసుకున్నాడు.

"జుట్టు?"

"ఈ జబ్బుతోనే డాక్టరమ్మా, నెల తిరిగేసరికి మొత్తం నెరిసిపోయింది."

నిజానికి రంగు వేసుకునే ఓపిక పోయి నెలలైంది, అంతే. జవాబులన్నీ అన్న దగ్గర సిద్ధంగా ఉన్నాయి. కౌంటర్ దగ్గర డ్రైవర్లకి రేట్లు చెప్పినట్టు తడుముకోకుండా చెబుతున్నాడు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి అతన్ని చూసింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో జుట్టు నెరిసిందా? ఇరవైల్లోనే? మీ అమ్మగారికి, నాన్నగారికి, మీకు?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో ఆమె చెప్పలేదు. అన్నకి అటెండరు మాట ఒక్కటే గుర్తొచ్చింది. నీరసంగా కనిపించినా పక్కన పెట్టేస్తారట. చెవుల వెనక రంగు సరిగ్గా పట్టిందో లేదోనని ఒక్క క్షణం గాబరా పడ్డాడు.

"లేదండి. మా అమ్మకి లేదు. నాకూ లేదు, చూస్తున్నారుగా."

అమ్మకి ఇరవై రెండేళ్లకే తల తెల్లబడింది. పాత టూత్‌బ్రష్షుతో తనకి తనే రంగు వేసుకునేది. పెద్దకొడుక్కి కాలేజీలో చేరిన ఏడు ముందువైపు తెలుపు వస్తే, అదే బ్రష్షు పెట్టి వాడికీ వేసింది. తలుపు సందులోంచి చిన్నోడు చూశాడు. "ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది" అన్నాడు అన్న. చిన్నోడు తల ఊపాడు. ఆనాటి నుంచీ ఈ సంగతి ఆ నోట్లోంచి బయటికి రాలేదు. తర్వాత తనకీ వస్తే తనూ వేసుకున్నాడు.

"మీ అమ్మగారు ఉన్నారా?"

"పోయిందండి. ఆయాసంతో. వంటింటి పొగ పడలేదు."

డాక్టరమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నీకు తెలిసి ఎవరికైనా?"

తమ్ముడు అన్న వైపు చూశాడు. వదిన చెంచా గిన్నెలో పెట్టేసి, ఏదో అనబోయి, మొగుడి మొహం చూసి ఆగిపోయింది.

"లేదండి. ఎవరికీ లేదు" అన్నాడు తమ్ముడు.

"మంచిది. ఉంటే సంగతి వేరేగా ఉండేది." ఆమె మళ్లీ ఒకసారి ఆ గోళ్ల వైపు చూసి లేచింది. "రేపు పొద్దున మందులు మొదలుపెడతాం. చాలా బలమైన మందులు. ఉన్న మూలుగనంతా తుడిచేస్తాయి, కొత్తది నాటడానికి. ఒకసారి మొదలుపెట్టాక వెనక్కి రాలేం. మీరు అందుబాటులో ఉండండి."

"నేనెక్కడికి పోతానండి" అన్నాడు అన్న.

బయటికొచ్చాక భార్య వరండాలో అతని చొక్కా పట్టుకుంది. "ఎందుకు లేదన్నారు?"

"అడిగింది నా జుట్టు గురించి. వాడి రక్తానికీ నా జుట్టుకీ ఏంటే సంబంధం? ఉందంటే నన్ను పక్కన పెడతారు. నేను కాకపోతే వాడికి ఇంకెవరున్నారు?"

ఆమె చొక్కా వదిలేసింది. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ 'ఉంటే సంగతి వేరేగా ఉండేది' అన్న మాట మెట్లు దిగుతుంటే అతని వెంటే దిగింది.

*

నాలుగు రోజులు షాపు చూడలేడు కాబట్టి, పనులు అప్పజెప్పడానికి మధ్యాహ్నం అటు వెళ్లాడు. బఫింగ్ మెషిన్ తిరుగుతోంది. అరిగిన టైరు పైభాగాన్ని రాకి గరుకుగా చేస్తేనే కొత్త రబ్బరు అంటుకుంటుంది. ఆ పని చేసే పెద్దాయన్ని గరుకు తాత అంటారు. మాట కూడా గరుకే.

"చిన్నోడెలా ఉన్నాడు?" అన్నాడు మెషిన్ ఆపకుండా.

"రేపు మొదలవుతుంది."

తాత తల ఊపాడు. షాపులో ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఆ ఎండాకాలం తర్వాత అతని ముందు చిన్నోడి మాట ఎత్తడానికి అందరూ వెనకాడేవారు. అది తన మీద గౌరవం అనుకునేవాడు అతను.

అంతలో ఒక లారీ డ్రైవరు రెండు టైర్లు దొర్లించుకుంటూ వచ్చాడు. అరిగాయి గానీ పక్కలు నల్లగా, నిగనిగలాడుతున్నాయి.

"అన్నా, కేసింగ్ భలే ఉంది చూడు. రబ్బరేసి ఇచ్చేయ్, ఇంకో రెండేళ్లు లాగుతుంది."

కేసింగ్ అంటే టైరు అసలు ఒళ్లు. పైన రబ్బరు ఎంత మంచిదేసినా బరువు మోసేది అదే. ఆ ఒళ్లు ఇన్నిసార్లని కొత్త రబ్బరు పట్టుకుంటుంది, ఆ తర్వాత పట్టుకోదు. అన్న టైరు పక్కన గొంతుక్కూర్చుని లోపల చెయ్యి పెట్టి అరచేత్తో నిదానంగా తడిమాడు. ఎక్కడో చిన్న ఉబ్బు తగిలింది. అనుమానమొచ్చి, గుడ్డ మీద పెట్రోలు చిలకరించి టైరు పక్కని తుడిచాడు. గుడ్డకి నల్లరంగు అంటింది. దాని కింద జల్లెడలా సన్నటి బీటలు.

అతనికి ఒళ్లు మండిపోయింది.

"రంగేసి తెచ్చావా? నాకే రంగేసి తెచ్చావా? నేను చూసుకోకుండా కొత్త రబ్బరు అతికించి ఇస్తే, లోడుతో వెళ్తుంటే నడిరోడ్డు మీద పేలుద్ది. నువ్వు చస్తావు, నీ పక్కనోడు చస్తాడు. మొదటే చెబితే నీ సొమ్మేం పోయేది?"

"చెబితే నువ్వు తీసుకోవు కదన్నా" అన్నాడు డ్రైవరు, పళ్లికిలిస్తూ. "ఎలాగోలా పని జరగాలని..."

అన్న నోరు తెరిచాడు, ఇంకా నాలుగు తిట్టడానికి. చేతిలో గుడ్డ, గుడ్డ మీద నల్లరంగు. చెయ్యి ఎత్తి తల తడుముకోబోయి, పనివాళ్లు చూస్తున్నారని దించేశాడు.

"ఏమన్నా, ఏమైంది?"

"తీసుకెళ్లిపో" అన్నాడు మెల్లిగా. డ్రైవరు బతిమాలుతుంటే వినకుండా లోపలికెళ్లి, ఛాంబర్ పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. తమ్ముడు అలిసిపోయి కూర్చునే బల్ల అది. చల్లగా లేదు, మెత్తగా లేదు. ఇక్కడ కూర్చుని వాడు ఏం సుఖపడ్డాడని అన్ని మాటలన్నాను అనుకున్నాడు.

ఇంటికెళ్లి తల సబ్బుతో రుద్దాడు. షాంపూతో, చివరికి గిన్నెలు తోమే పొడితో రుద్దాడు. నీళ్లు నల్లగా పోయాయి గానీ జుట్టు అలాగే నల్లగా మెరిసింది. అంత మంచి రంగు కొన్నాడు మరి.

*

పొద్దున వార్డులోకి వెళ్లేసరికి నర్సు మందు సీసా స్టాండుకి తగిలిస్తోంది. అన్న పరుగున వెళ్లి స్టాండు పట్టుకున్నాడు.

"ఆపండి. ఒక్క నిమిషం. పెద్ద డాక్టరమ్మని పిలవండి."

"ఎందుకండీ?"

"నా జుట్టు నెరిసిందండి."

నర్సు అతని నల్లటి తల వంక చూసింది. పక్కనున్న చిన్న డాక్టరు కూడా చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సూదంటే భయపడి చివరి నిమిషంలో సాకులు చెప్పి జారుకునే దాతలు వాళ్లకి కొత్త కాదు.

"చూడండి, మూలుగ ఇస్తే మీకేం కాదు. భయమేస్తే భయమని చెప్పండి. తమ్ముడి ప్రాణం కదా" అన్నాడు చిన్న డాక్టరు, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు.

"భయం కాదండి! రంగేసుకున్నాను. నిజమండి, పద్దెనిమిదో ఏట నుంచి వేసుకుంటున్నాను. ఒట్టు!"

అతని గొంతు వార్డంతా వినిపించింది. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పారు. నిజం చెబుతున్నా ఎవరూ నమ్మకపోవడం ఎలా ఉంటుందో అతనికి అంతవరకూ తెలియదు. నమ్మించడానికి ఏం చెయ్యాలో తోచక మెడ వంచి తల చూపించాడు. నిన్న కాక మొన్న వేసిన రంగు, కుదుళ్ల దాకా నల్లగా ఉంది. ఎదుటివాళ్ల ముందు నోరు తెరిచి నిలబడినట్టే ఉంది అతనికి.

డాక్టరమ్మ వచ్చింది. సంగతి విని, తమ్ముడి మంచం పక్కన కూర్చుంది.

"నువ్వు చెప్పు. మీ అన్న అంటున్నది నిజమేనా?"

తమ్ముడు అన్న వైపు చూశాడు. అన్న తల ఊపాడు.

"నిజమేనండి. అమ్మకీ ఉండేది. నాకూ ఈ జబ్బు రాకముందే ఉంది."

"మరి నిన్న అడిగితే లేదన్నావేంటయ్యా?"

"అన్నయ్య లేదన్నాక నేను ఉందని ఎలా అంటానండి" అన్నాడు తమ్ముడు.

డాక్టరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని అన్న తల ఒకసారి చూసింది. తర్వాత సీసా తీసేయమని నర్సుకి సైగ చేసింది. స్టూలు లాక్కుని, అన్నదమ్ములిద్దరినీ చూస్తూ చెప్పింది.

"ఒంట్లో కొన్ని చోట్ల కణాలు ఎప్పటికప్పుడు అరిగిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. నోటి లోపలి పొర, పేగుల పొర, చర్మం, గోరు మొదలు, వెంట్రుక కుదురు, ఎముకల్లో మూలుగ. కొత్తది పుట్టాలంటే కణం రెండుగా విడిపోవాలి. ప్రతి కణంలోనూ క్రోమోజోములని పోగులుంటాయి. వాటి చివర్లు పాడవకుండా తొడుగుల్లాంటివి ఉంటాయి, టెలోమియర్లు అంటాం. విడిపోయినప్పుడల్లా అవి కాస్త పొట్టిబడతాయి. కొత్త కణాల్ని పుట్టించే మూలకణాల్లో వాటిని మళ్లీ పెంచుకునే ఏర్పాటు కొంత ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో ఆ ఏర్పాటు పుట్టుకతోనే సరిగా ఉండదు. అప్పుడు తొడుగులు త్వరగా అయిపోతాయి. అయిపోయాక ఆ కణం ఇంక విడిపోలేదు. పని ఎక్కువున్న చోటే ముందు దెబ్బ తగులుతుంది."

"ఎక్కువ తిరిగిన టైరు ముందరిగినట్టు" అన్నాడు అన్న.

"అరగడం అందరికీ ఉన్నదే. మళ్లీ కొత్త రబ్బరు వేసుకునే సత్తువ అయిపోవడం, ఇది."

అతనికి అర్థమైంది. ఆమె ఇంకా చెబుతుంటే మాత్రం సగమే చెవినెక్కింది. జుట్టు ముందే నెరవడం, గోళ్లు చీలడం, నోట్లో తెల్లమచ్చలు, అన్నీ ఒక్క తాను ముక్కలేనట. అమ్మ ఆయాసం కూడా పొగ వల్ల కాకపోవచ్చట. ఈ జబ్బు ఉన్నవాళ్లు ఆ బలమైన మందులు తట్టుకోలేరట. మందుల మోతాదు తగ్గించాలి. ఇచ్చే మూలుగలో కూడా ఆ తొడుగులు పొట్టిగా ఉంటే, నాటుకున్నా అది నిలవదు. అన్న రక్తం ముందు పరీక్షకి పంపాలి.

"డాక్టరమ్మా," అన్నాడు అన్న, "ఆ మచ్చలు... పొగాకు వల్ల కాదా?"

"పొగాకుతోనూ వస్తాయి. కానీ ఈ గోళ్లూ ఈ జుట్టూ చూశాక, ఇవి ఈ జబ్బు మచ్చలే అనిపిస్తోంది." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు నమిలేవాడివా?"

"ఒక్కసారి కూడా లేదండి" అన్నాడు తమ్ముడు.

ఆ ఎండాకాలం షాపులో తను చెప్పిన మాటే. ఆ రోజు లాగే మెల్లిగా, అలిసిపోయి అన్నాడు. డాక్టరమ్మ "సరే" అంది. అంత తేలిగ్గా నమ్మేసింది. అన్న లేచి కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. కింద రోడ్డు మీద బళ్లు పోతున్నాయి. వాటిల్లో తన షాపులో రబ్బరేసిన టైర్లు ఎన్నో ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ అరచేత్తో తడిమి మరీ చూశాడు. పక్కనే పెరిగిన మనిషిని ఒక్కసారి అలా చూడలేదు.

*

పరీక్ష ఫలితం రావడానికి చాలా రోజులు పట్టింది. డాక్టరమ్మ అన్నని తన గదిలోకి పిలిచి చెప్పింది. అతనివీ పొట్టిగానే ఉన్నాయి. తమ్ముడివంత కాదు, అందుకే ఇన్నాళ్లూ పైకి తెలియలేదు. మూలుగ ఇవ్వడానికి పనికిరాదు. అతను కూడా ఇకనుంచి ఊపిరితిత్తులూ రక్తమూ చూపించుకుంటూ ఉండాలి, నోట్లో ఏదైనా మచ్చ కనిపిస్తే వెంటనే రావాలి.

"మరి వాడికి?"

"బయటి దాత కోసం వెతుకుతున్నాం. దొరికితే తక్కువ మోతాదు మందులతో చేస్తాం."

"దొరుకుతాడా అండి?"

"వెతుకుతున్నాం" అంది ఆమె మళ్లీ.

ఇవ్వాల్సిన ఒక్కటీ ఇవ్వలేని మనిషి చేతులు ఏం చేస్తాయి? వస్తూ దారిలో అతను పళ్లు కొన్నాడు. తమ్ముడు పళ్లు తినలేడని వార్డు గుమ్మం దగ్గర గుర్తొచ్చి, ఆ సంచీ పక్క మంచం వాళ్లకి ఇచ్చేశాడు.

తమ్ముడు అన్న తల చూసి చిన్నగా నవ్వాడు. రంగు మానేసి వారాలైంది. పాపిట దగ్గర వేలెడు వెడల్పున తెలుపు, దాని కింద నలుపు.

"అమ్మలా ఉన్నావన్నయ్యా."

"పనికిరాదన్నారురా" అన్నాడు అన్న, మంచం అంచున కూర్చుని. "నావి కూడా పొట్టివేనట."

తమ్ముడి మొహంలో నవ్వు పోయింది. తన సంగతి అడుగుతాడేమోనని అన్న భయపడ్డాడు. దానికి తన దగ్గర 'వెతుకుతున్నాం' తప్ప ఇంకేం లేదు.

"అయితే నీకూ వస్తుందా ఇది?" అన్నాడు తమ్ముడు.

"ఏమోరా. చూసుకుంటూ ఉండమన్నారు." దుప్పటి అంచు మడతపెడుతూ అన్నాడు, "షాపులో అందరికీ చెప్పాను. నిలబెట్టి చెప్పాను, నువ్వు నమల్లేదని. నాదే తప్పని."

"తాతేమన్నాడు?"

"'మాకు తెలుసులే' అన్నాడు."

అది విన్నప్పుడు అన్నకి మొహం చెల్లలేదు. అందరికీ తెలుసు. పొట్లం ఎవరిదో కూడా తెలుసు. అన్నకి ఎదురు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నారు. గౌరవం అనుకున్నది అదన్నమాట. తమ్ముడు మాత్రం కోపమేమీ లేనట్టు, "తాతకి ఇప్పటికైనా నోరొచ్చింది" అన్నాడు. తర్వాత తలగడ కింద వెతికి ఫోన్ తీసి, దాని లైటు వెలిగించాడు.

"అన్నయ్యా, నోరు తెరువు."

"ఎందుకురా?"

"చూస్తాను. నాకు తెలుసు కదా అవెలా ఉంటాయో. మొదట్లో చిన్న చుక్కలా ఉంటుంది, నాలుక పక్కన. నీకు నువ్వు చూసుకుంటే కనపడదు."

వార్డులో జనం ఉన్నారు. నర్సు, పక్క మంచాల వాళ్లు, వాళ్ల చుట్టాలు. అన్న వంగి నోరు తెరిచాడు. తమ్ముడు మోచేతి మీద లేచి, గోళ్లు చీలిన వేలితో అతని బుగ్గని మెత్తగా పక్కకి జరిపాడు. నొప్పి పుడితే చెయ్యి ఎత్తమన్నాడు. లైటు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నిదానంగా జరిగింది. ఒకచోట ఆగింది. మళ్లీ అదే చోటికి వచ్చి ఆగింది. అన్నకి కళ్లనీళ్లు తిరిగాయి. నోరు తెరిచే ఉంచాడు, మూసుకోమనే దాకా.

తమ్ముడు లైటు ఆర్పేసి తలగడ మీద వాలాడు.

"ఏముంది?"

"ఏం లేదన్నయ్యా. శుభ్రంగా ఉంది."

అన్న ఆ మొహంలోకి చూశాడు. తన కోసం ఇరవై ఏళ్లు ఒక అబద్ధాన్ని కాచిన మొహం అది, అందులో ఏదీ దొరకదు. నిజంగానా అని అడగడానికి మాట నాలుక చివరి దాకా వచ్చింది. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. మోచేతి మీద ఆ కాస్తసేపు లేచినందుకే అలిసిపోయాడు.

"సరేరా" అన్నాడు అన్న, దుప్పటి భుజాల దాకా కప్పుతూ. తమ్ముడు చెప్పినమాట మారు ప్రశ్న లేకుండా నమ్మడం అతనికి అదే మొదటిసారి.